తల్లి మెషిన్ చదివిన కబురు

సంచి అంటే కూరగాయలకు పట్టుకుపోయే సంచి కాదు. అదొక సాఫ్ట్‌వేరు. కంప్యూటర్లోకి ఏది కావాలన్నా ఒక చోటి నుంచి తెచ్చి, మూట విప్పి, పెట్టాల్సిన చోట పెట్టి, పాతబడితే తీసేసి కొత్తది సర్దిపెడుతుంది. ప్యాకేజ్ మేనేజర్ అంటారు ఇటువంటి వాటిని. యూనివర్సిటీ కంప్యూటర్ సెంటర్ వాళ్లు సొంతంగా ఒకటి రాసుకుని, క్యాంపస్ ల్యాబులన్నిట్లో పెట్టుకుని, దానికి సంచి అని పేరు పెట్టుకున్నారు. పేరు పెట్టింది సెంటర్ హెడ్డు శ్రీనివాసరావు సార్. మోసేది మాత్రం నవనీత.

నవనీతది లాలాపేట్. సెంటర్‌లో కాంట్రాక్టు ప్రోగ్రామరు. మార్చి నెల వచ్చిందంటే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియక ఆమె ఇంట్లో కొత్త వస్తువు కొనరు. అయినా పని మాత్రం పర్మినెంటు మనిషి కూడా చెయ్యనంత చేస్తుంది. అదే ఆమెకున్న తెగులు.

సంచికి ‘కబురు’ అనే కొత్త ఏర్పాటు చెయ్యాలని ఆమెకు పుట్టింది ముఖేష్ వల్ల.

ముఖేష్ మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగినవాడు. క్యాంపస్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాడు. రైలు పట్టాల కింద కంకర పోసే పనిలో బతికిన ఆడవాళ్ల మాటల మీద అతని పరిశోధన. నవనీత వాళ్ల గల్లీలోనే ఉప్పలమ్మ అని ఒక ముసలామె ఉండేది, వయసంతా ఆ పనిలోనే గడిపిన మనిషి. ఆమె కోసం వచ్చిపోతూ వచ్చిపోతూ ముఖేష్ నవనీతకు తమ్ముడైపోయాడు.

ఉప్పలమ్మతో ఒక చిక్కుండేది. రికార్డింగ్ పెడితే బడిపిల్లలాగా ముక్తసరిగా మాట్లాడేది. ఆ మాటకు అర్థమేంటమ్మా అని అడిగితే మాత్రం, “గా మిషన్ బంద్ చెయ్యి బిడ్డా, అప్పుడు చెప్త” అనేది. బంద్ చేశాక ఇక ఆమెను ఆపడం ఎవరి తరం కాదు. మేస్త్రీల మీద తిట్లు, గంపలు దించే లెక్కలు, ఏ మాట ఎవరి ముందు అనకూడదో, అన్నీ వచ్చేవి. ముఖేష్ అవన్నీ నోట్లో పోసుకున్న నీళ్లలా పట్టుకుని క్యాంపస్‌కు పరిగెత్తేవాడు. రీసెర్చ్ హాల్లో కిటికీ పక్క మెషిన్ అతనిది. అక్కడ కూర్చుని, వేడి చల్లారకముందే ‘పలుకు’ అనే సాఫ్ట్‌వేరులో నోట్సు కొట్టుకునేవాడు. రికార్డింగుల్లో ఆమె గొంతుంది. అర్థాలు మాత్రం ఆ నోట్సులోనే ఉన్నాయి.

ఒకనాడు సంచి ఎవరికీ చెప్పకుండా ఆ పలుకును తీసేసి కొత్త పలుకు పెట్టింది. పెట్టడం దాని ధర్మం. కానీ కొత్తదానికి పాతదాని నోట్సు పట్టలేదు, వాటిని చెరిపేసి ఖాళీ పేజీ పెట్టుకుంది. కొన్ని నెలల పని గంగలో కలిసింది. వెబ్‌సైట్‌లో ముందే పెట్టామని సెంటర్ వాళ్లన్నారు. ఆ వెబ్‌సైట్ పేజీ నవనీత కూడా ఎన్నడూ తెరవలేదు.

అదృష్టం, అప్పటికి ఉప్పలమ్మ బతికే ఉంది. ముఖేష్ మళ్లీ వెళ్లి ఆమె మంచం పక్కన కూర్చున్నాడు.

“మల్ల మొదటికెల్లి అడుగుతున్నవేంది? చెవులు కిరాయికిచ్చినవా?” అంది ముసలామె.

“కంప్యూటర్ల పోయినయవ్వా.”

“మా మేస్త్రి గూడ గిట్లనే అంటుండె. మీ హాజరు పోయిందంటుండె. యాడికి పోతది? ఎవడో ఒకడు పోగొడ్తడు.”

ఆ పక్కనే కూర్చుని చాయ్ ఇస్తున్న నవనీతకు ఆ మాట ముల్లులా దిగింది. ఆ పూటే ముసలామె ఇంకో మాట కూడా చెప్పింది, కూతసందు అని. పట్టాల మీద పనిచేసేవాళ్లకు దూరం నుంచి కూత వినిపిస్తుంది. కూతకూ బండికీ నడుమ ఉండే ఖాళీ కూతసందు. అందులో గంప ఎత్తుకోవాలి, పక్కదాన్ని కేకెయ్యాలి, పట్టా దిగాలి. “కూత ఎయ్యకుంట వచ్చే బండి బండి గాదు బిడ్డా, యముడు” అంది ఉప్పలమ్మ.

మర్నాడు ఆఫీసుకు పోయి నవనీత పని మొదలుపెట్టింది.

కబురు ఎలా ఉండాలో ఆమె బాగా ఆలోచించింది. ఏ సాఫ్ట్‌వేరు మారబోతోందో అది వాడే మెషిన్ మీద ఎర్ర చుక్క రావాలి. చుక్క నొక్కితే నాలుగు ముక్కలు తెలుగులో కనబడాలి: ఏం మారుతోంది, ఈ రోజు నువ్వేం చెయ్యాలి. అది చదివి ‘చదివాను’ అని నొక్కేదాకా సంచి ఆ సాఫ్ట్‌వేరు జోలికి పోకూడదు. నొక్కాక ఆ రాత్రి కొత్తది పెట్టుకోవచ్చు. ఒకసారి చదివిన కబురు మళ్లీ కనబడి విసిగించకూడదు. అక్కరలేనివాడికి అసలు రాకూడదు.

శ్రీనివాసరావు సార్ ఇదంతా విని తల ఊపాడు. కోస్తా నుంచి వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడి ముప్ఫై ఏళ్లయినా ఆయన మాట ఇంకా గోదావరి నీళ్లలా చల్లగానే ఉంటుంది. ఆయన తిట్టినా దీవించినట్టే ఉంటుంది. అదే ప్రమాదం.

“చాలా బావుందమ్మా. దీంట్లో ఉగాది శుభాకాంక్షలు కూడా పెడదాం.”

“వద్దు సార్.”

“పోనీ వైస్ చాన్సలర్ గారి పుట్టినరోజు?”

“అట్ల పెడితే చుక్కకు విలువుండది సార్. ఇంటి ముంగట రోజూ మైకు పెట్టినట్టయితది. ఎవరు వినరు.”

సార్ నవ్వి ఒప్పుకున్నాడు. నవనీత ఆ వాకిలి దగ్గర అంత గట్టిగా కాపలా కాసింది. దొడ్డి తలుపు సంగతి అప్పుడు ఆమెకు తట్టలేదు.

దొడ్డి తలుపు ఎక్కడంటే ఇక్కడ. ‘చదివాను’ అన్న గుర్తు ఎక్కడ దాచాలి, మనిషి పేరు మీదా, మెషిన్ మీదా? మనిషి పేరు మీద అయితే సర్వర్ మీద భారం పడుతుందన్నారు. రీసెర్చ్ హాల్లో ఎవరి మెషిన్ వారిదే కదా, మనిషైతే ఏమిటి మెషిన్ అయితే ఏమిటి అనుకుంది నవనీత. గుర్తు మెషిన్‌లోనే దాచింది.

ఆ హాల్లో అరవై మెషిన్లున్నాయి. వాటి మంచిచెడ్డలు చూసేది బిక్షపతి, ల్యాబ్ ఇన్‌చార్జి. అరవై మెషిన్లనూ ఒక్కొక్కటిగా చూసుకోవడం ఎవరివల్ల అవుతుంది? అందుకని ముందు వరసలో, ప్రొజెక్టరుకు తగిలించిన మెషిన్‌ని తల్లి అంటారు. ఏం సర్దాలన్నా తల్లిలో సర్దుతారు. తనిఖీ వస్తోందంటే చాలు, తల్లిని ఉన్నదున్నట్టు నెట్‌వర్క్ వైరు మీదుగా మిగతావాటికి ఎక్కిస్తారు. అవి పిల్లలు. స్కాలర్ల సొంత ఫైళ్లు వేరే డిస్కులో ఉంటాయి కాబట్టి వాటికేమీ కాదు. ఈ పద్ధతి నవనీతకు తెలియనిది కాదు. రోజూ తాగే నీళ్లు ఏ పైపులోంచి వస్తున్నాయో తెలిసినా ఎవరూ దాని గురించి ఆలోచించరు, అంతే.

మొదటి దెబ్బ తిన్నాక ముఖేష్‌కు ఒక చాదస్తం పట్టుకుంది. శనివారం శనివారం పలుకులోని నోట్సంతా పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని, దాన్ని తాయెత్తులాగా దారానికి కట్టి మెడలో వేసుకునేవాడు. ఆ వానాకాలంలో ఉప్పలమ్మ పోయింది. ఆ తర్వాత చాదస్తం ఇంకా ముదిరింది. తింటున్నా పెన్‌డ్రైవ్ తడుముకునేవాడు.

“ఇగ తియ్యి తమ్మీ దాన్ని. పెండ్లిసూపులకు గిట్లనే పోతవా?” అని నవనీత ఎగతాళి చేసింది.

“మల్ల పోతే ఎవర్ని అడగాలక్కా? అవ్వ లేదు గదా.”

“పోదు. నా కబురు వచ్చినంక నీకు చెప్పకుంట ఒక్క ఈగ గూడ నీ మెషిన్ల దూరది. చుక్క కనవడ్డనాడు దాసుకో, అంతే.”

“ఒట్టా?”

“ఒట్టు.”

అతను తాయెత్తు తీసేసి, అందులోది చెరిపి, పెన్‌డ్రైవ్‌ను వేరే పనికి వాడుకున్నాడు. నవనీత మాట మీద తీసేశాడు. ఇక్కడి నుంచి జరిగినదంతా చదివేటప్పుడు ఈ ముక్క మరిచిపోకండి.

కబురు తయారైంది. మన దగ్గర ఏదైనా తయారైతే మొదలుపెట్టరు, ప్రారంభోత్సవం చేస్తారు. కాలేజీలను చూసి మార్కులు వేసే తనిఖీ బృందం ఆ వారమే వస్తోంది. దానికి ముందే చేసేస్తే రిపోర్టులో ఒక ఫోటో ఉంటుందని శ్రీనివాసరావు సార్ ముచ్చట. పై నుంచి ఒక పెద్దమనిషిని ముఖ్య అతిథిగా పిలిచారు. బంతిపూలు తెచ్చారు, తల్లి మెషిన్ మానిటర్‌కు చిన్న దండ కూడా వేశారు.

“మేడం, ఏదన్న ఉత్తుత్తి కబురు పెడ్దామా సార్ల కోసం?” అని బిక్షపతి ముందురోజు అడిగాడు.

“మంచి పనికి ఉత్తుత్తిదెందుకన్నా? అసలుదే వచ్చింది సూడు. పలుకు మల్ల మారుతున్నది. గదే మొదటి కబురు.”

ఆమెకు అందులో ఒక గర్వం ఉంది. ఏ సాఫ్ట్‌వేరు దగ్గర దెబ్బ తగిలిందో అక్కడే మందు వేస్తున్నానని. కబురు తనే రాసింది. ‘పలుకు మారుతున్నది. మీ నోట్సు ముందు బయటికి తీసి దాచుకోండి. దాచుకోకపోతే పోతాయి. దాచుకున్నాకే చదివాను అని నొక్కండి.’ దాన్ని రెండుసార్లు పైకి చదువుకుని చూసుకుంది. కూతలాగానే ఉందనిపించింది.

ముఖ్య అతిథి వచ్చాడు. శాలువా కప్పారు. గోడ మీద తెర నిండా ఎర్ర చుక్క. ఆయన చుక్క నొక్కాడు, కబురు విప్పుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు.

“ఇప్పుడు ఇది నొక్కాలా?” అన్నాడాయన.

“ముందుగాల చదవాలె సార్” అంది నవనీత.

హాలంతా నవ్వింది. అతిథి కూడా నవ్వాడు, ఆడపిల్ల చమత్కారం చేసిందనుకుని.

“సార్, ఒక్కసారి ఇటు చూసి నొక్కండి” అన్నాడు ఫోటో తీసేవాడు.

ఆయన కెమెరా వైపు చూసి, పళ్లు కనబడేలా నవ్వి, ‘చదివాను’ నొక్కాడు. ఫోటో బాగా వచ్చింది. ఇప్పటికీ సెంటర్ కారిడార్‌లో ఉంది.

సమోసాల దగ్గర జనం మూగారు. వాళ్లూ వీళ్లూ వచ్చి నవనీతను మెచ్చుకుంటున్నారు. ఈసారి మార్చికి ఢోకా లేదులే అని ఎవరో అన్నారు. ఆ మాట సమోసా కంటే రుచిగా ఉంది. అప్పుడు వెనక నుంచి బిక్షపతి వచ్చాడు.

“మేడం, పొద్దుగాల టీమోళ్లు హాలుకొస్తరట. తల్లిని పిల్లలకు ఎక్కియ్యాలె. కానియ్యనా?”

“కానియ్ అన్నా” అంది నవనీత. ప్లేటు చేతిలోనే ఉంది. తల కూడా తిప్పలేదు.

ముఖేష్ ఆ రోజుల్లో ఊళ్లో లేడు. వేరే కాలేజీలో పరీక్షల డ్యూటీ పడింది. వారం తర్వాత తిరిగొచ్చి, ఆ పొద్దున హాల్లోంచి ఫోన్ చేశాడు.

“అక్కా, నాకు కబురేం రాలే గదా?”

“రావాలె గదా తమ్మీ, మొన్ననే వచ్చింది. ఎర్ర చుక్క సూడు.”

“చుక్క లేదక్కా. మరి పలుకు కొత్తగ కనవడుతున్నదేంది?”

నవనీత రెండంతస్తుల మెట్లు పరుగున దిగింది. హాల్లో కిటికీ పక్క మెషిన్ ముందు ముఖేష్ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. తెర మీద పలుకు కొత్త పెళ్లికూతురిలా మెరుస్తోంది. రికార్డింగులన్నీ వరసగా ఉన్నాయి. వాటి పక్కన నోట్సు ఉండాల్సిన చోట తెల్లగా ఉంది.

సర్వర్‌లో రోజూ రాత్రి ఒక కాపీ తీస్తారు. తీస్తారు కానీ, నిన్నటి దాని మీదే ఇవాళ్టిది రాస్తారు, డిస్కు చాలదని. వారం గడిచింది కనుక ఆ కాపీలో ఉన్నది కూడా ఈ తెలుపే.

ఆమె మెషిన్ రికార్డు తెరిచింది. ‘పలుకు కబురు, చదివారు.’ పక్క మెషిన్ తెరిచింది. చదివారు. వెనక వరస. చదివారు. అరవై మెషిన్లు, అందరూ ఒకే నిమిషంలో చదివారు. ఏ నిమిషమో ఆమెకు చూడకుండానే తెలుసు. ఆ నిమిషం ఫోటో బయట గోడ మీద వేలాడుతోంది.

తల్లి చదివింది. పిల్లలందరూ చదివినట్టే.

“తమ్మీ” అంది.

అతను ఒక రికార్డింగ్ పెట్టాడు. ఉప్పలమ్మ గొంతు హాల్లో పలికింది. నాలుగు మాటలు చెప్పి, “ఇగ గా మిషన్ బంద్ చెయ్యి బిడ్డా” అని ఆగిపోయింది. తర్వాత ఏమీ లేదు.

ఆ హాల్లో పలుకు వాడేవాడు ముఖేష్ ఒక్కడే. అందుకని ఇంకెవరికీ నష్టం లేదు, ఇంకెవరికీ కోపమూ రాలేదు. నెలాఖరుకు అతను థీసిస్ ఇచ్చెయ్యాలి. ఒకసారి గడువు పెంచారు. రెండోసారి పెంచాలంటే తప్పు సెంటర్‌దని సెంటరే రాసివ్వాలి. ఆరు నెలలిస్తే రికార్డింగుల్లో మిగిలినదాన్నీ, జ్ఞాపకంలో మిగిలినదాన్నీ కూర్చుకుంటానని అతను అడిగాడు. ఆ కాగితం శ్రీనివాసరావు సార్ చేతిలో ఉంది.

నవనీత ఆయన గదికి వెళ్లి జరిగినదంతా చెప్పింది. గుర్తు మెషిన్లో దాచడం తన తప్పని, తల్లి మీద అసలు కబురు పెట్టడం తన తప్పని, కానియ్ అన్నది తనేనని.

సార్ శ్రద్ధగా విన్నాడు. ఆయనకు మంచినీళ్లు వస్తే ముందు ఆమెకు ఇప్పించాడు.

“రికార్డులో ఏముందమ్మా?”

“చదివినట్టున్నది సార్. గని ఆ పిల్లగాడు ఆనాడు ఊర్లనే లేడు. ఒక్క నిమిషంల అరవై మంది ఎట్ల చదువుతరు సార్?”

“క్రమశిక్షణ అనుకుంటారు” అన్నాడు సార్, నవ్వుతూనే. “చూడమ్మా నవనీతా. ఇప్పుడు మనం తప్పు మనదని రాస్తే ఏమవుతుంది? ఎవరు నొక్కారని అడుగుతారు. ఆ పెద్దాయన పేరు రాస్తామా? టీం వాళ్లు మన కబురుని మెచ్చుకుని వెళ్లారు. నీ రెన్యువల్ ఫైలు కూడా దాని మీదే కదిలింది.”

“నా ఫైల్ వద్దు సార్.”

“అలా అనకూడదు. ఇంట్లో వాళ్లున్నారుగా.” ఆయన పెన్ను తీశాడు. “వాడుకరికి ముందుగా తెలియజేయబడింది. అంతే రాస్తాను. అది అబద్ధం కాదు కదా. వ్యవస్థ చెప్పిన మాట.”

వ్యవస్థ అంటే ఎవరు? దాన్ని రాసింది తనే. ఆమె ఆ గదిలో కూర్చుని, తను రాసిన యంత్రం తన తమ్ముడి మీద సాక్ష్యం చెప్పడం చూసింది. ఒకప్పుడు ‘మాకెవరూ చెప్పలేదు’ అనడానికైనా నోరుండేది. ఇప్పుడు ఆ నోరు కూడా తీసేసింది.

గడువు పెంచలేదు. ముఖేష్ సీటు పోయింది.

ఆ తర్వాత నవనీత ఒక పని చేసింది. కబురు ఏదైనా బయటికి పోవాలంటే ఇద్దరు ఒప్పుకోవాలని రూలుంది: ఆమె, సార్. రూలు రాసింది ఆమే. కానీ సార్ పాస్‌వర్డ్ కూడా ఎప్పుడూ ఆమె దగ్గరే ఉంటుంది. మన ఆఫీసుల్లో పెద్దవాళ్లు తాళం వేస్తారు, తాళంచెవి కింద వాళ్లకిస్తారు. ఆమె తన పేరుతో ఒకసారి, ఆయన పేరుతో ఒకసారి ఒప్పుకుని అరవై మెషిన్లకూ ఒక కబురు పంపింది.

‘పలుకు కబురు మీరు చదివారని రికార్డులో ఉంది. మీరు చదవలేదు. ప్రారంభోత్సవంలో తల్లి మెషిన్ మీద నొక్కిన గుర్తును మీ అందరికీ ఎక్కించాం. దానివల్ల మీలో ఒకరి కొన్నేళ్ల పని పోయింది. ఆ తప్పు సెంటర్‌ది, ఈ కబురు రాస్తున్న నవనీతది. అతని తప్పు కాదు.’

పంపి కుర్చీలో కూర్చుంది. ఇప్పుడేదో జరుగుతుందనుకుంది. ఎవరో ఒకరు మెట్లెక్కి వచ్చి అరుస్తారనుకుంది. స్కాలర్లు వాట్సాప్ గ్రూపులో రచ్చ చేస్తారనుకుంది. తన ఉద్యోగం పోతుందనుకుంది. అన్నిటికీ సిద్ధంగా ఉంది.

రికార్డు కదలడం మొదలైంది. చదివారు. చదివారు. చదివారు. చాయ్ వేళకల్లా ఒక్క మెషిన్ తప్ప అన్నిట్లోనూ చదివారు. గ్రూపులో ఎవరో హాస్టల్ మెస్సులో పప్పు నీళ్లగా ఉందని పెట్టారు. దాని మీద మాత్రం రచ్చ అయింది.

చదవని ఆ ఒక్కటి కిటికీ పక్క మెషిన్.

మర్నాడు సార్ పిలిచాడు. నవనీత రాజీనామా మాటలు నోట్లో పెట్టుకుని వెళ్లింది.

“చూశానమ్మా నీ కబురు. నా పేరుతో పంపావు” అన్నాడు మెత్తగా. “కంగారుపడకు. ఎవరూ చదవలేదులే. ఇంకోసారి ఇలా చేయకు, ఏం?”

తిడితే బాగుండేదనిపించింది ఆమెకు.

ముఖేష్ తార్నాకలో ఒక కోచింగ్ సెంటర్‌లో చేరాడని తెలిసి, ఆ సాయంత్రం వెళ్లింది. మెట్రో స్టేషన్ మెట్ల పక్కన, మొదటి అంతస్తులో ఉంది అది. గ్రూప్ పరీక్షలకు చదివే పిల్లలకు తెలుగు చెబుతున్నాడు. క్లాసయ్యాక కిందికి దిగాడు. చొక్కా మీద చాక్‌పీస్ పొడి, గొంతు జీరపోయి ఉంది. ఇద్దరూ చాయ్ బండి దగ్గర నిలబడ్డారు. పైన మెట్రో పోతున్నప్పుడల్లా మాట ఆపాల్సి వచ్చింది.

“మంచిగున్నవా తమ్మీ?”

“ఉన్నక్కా. పర్యాయపదాలు చెప్తున్న. ఏనుగుకు ఎన్ని పేర్లున్నయో నాకిప్పుడు మస్తు ఎరుక.”

“అవ్వ మాటలు... గుర్తున్నకాడికి రాస్తలేవా?”

“కూసున్న రెండు మూడుసార్లు. రాస్తుంటే అవ్వ చెప్పిందా, నేను అనుకుంటున్ననా తెలుస్తలేదు. తెలవకుంట రాసుడెట్ల?” అతను గ్లాసు తిప్పుతూ అన్నాడు. “మెడల తాయెత్తుంటే బాగుండు గదక్కా.”

అతను కోపంగా అనలేదు. అందుకే ఆమెకు తట్టుకోవడం కష్టమైంది.

“కబురు పంపిన తమ్మీ. అందరికి. తప్పు నాదేనని రాసిన.”

“పంపినవా?” మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు. “ఎవరన్న చదివిన్రా?”

“అందరు చదివిన్రు.”

“ఏమన్నరు?”

నవనీత చాయ్ గ్లాసులోకి చూసింది. “ఏమనలే.”

ముఖేష్ నవ్వాడు. చాలాసేపు నవ్వాడు. చాయ్ బండివాడు కూడా తిరిగి చూశాడు.

“నీది ఒక్కటే ఉన్నది తమ్మీ. నీ మెషిన్ మీద ఎర్ర చుక్క గట్లనే ఉన్నది. ఒక్కసారొచ్చి...”

“నేనొచ్చి నొక్కాల్నా?” అన్నాడు. “ఎందుకక్కా? నా పేరు మీద ఒక్కసారి నొక్కిన్రు గదా. నన్ను అడిగిన్రా? ఇంకోసారి నొక్కెయ్యున్రి.”

పైన మెట్రో వచ్చింది. అది వెళ్లేసరికి అతను మెట్లెక్కుతున్నాడు. తర్వాతి క్లాసు పిల్లలు అప్పటికే పైన గోల చేస్తున్నారు.

తెల్లారి నవనీత హాల్లోకి వెళ్లి కిటికీ పక్క మెషిన్ ముందు కూర్చుంది. తెర మూలన ఎర్ర చుక్క. ఎంతో మంచిగా పనిచేస్తోంది. ఎవరి కోసం వచ్చిందో అతని కోసమే నిలబడి ఉంది. చదవనిదే కదలనని మొండికేసి కూర్చుంది. ఆమె ఎలా ఉండాలని కోరుకుందో అచ్చంగా అట్లాగే ఉంది.

బిక్షపతి వచ్చి వెనక నిలబడ్డాడు.

“మేడం, ఇంకో టీం వస్తున్నదట. సర్టిఫికెట్ ఇస్తరట మనకు, కబురుకు. తల్లిని పిల్లలకు ఎక్కియ్యాలె. గీ చుక్క గిట్లుంటే సార్ పరేషాన్ అయితడు.” చుక్క వైపు వేలు చూపించి అడిగాడు. “కానియ్యనా?”

నవనీత లేచింది. కుర్చీ జరిపి, మెషిన్ వెనక్కి వంగి, నెట్‌వర్క్ వైరు ఊడబీకింది. దాన్ని చేతికి చుట్టుకుని సంచిలో వేసుకుంది. ఈ సంచి మాత్రం కూరగాయలదే.

బిక్షపతి ఆమెనూ, మెషిన్‌నూ చూశాడు. వెళ్లి ఒక తెల్లకాగితం, టేపు తెచ్చుకున్నాడు. కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, ఎర్ర చుక్క కనబడకుండా తెర మీద అంటించి, నాలుగు మూలలా వేలితో అదిమాడు.

పనిచేయదు, అని రాసి ఉంది.